మధ్యలో ఆగిన బస్సు లెక్క: ఆలస్యాన్ని రాళ్ళతో కొలిచి చూడండి

మీరడిగిన లెక్క ఇది. విశాఖలో బయల్దేరిన బస్సు 30 కి.మీ. వెళ్ళాక ఇంజిన్ మొరాయించింది. 10 నిమిషాలు ఆగి, ఆపైన మామూలు వేగంలో 4/5 వంతుతో నడిచి, 34 నిమిషాలు ఆలస్యంగా చేరింది. అదే ఇంకో 20 కి.మీ. పోయాక మొరాయించి ఉంటే ఆలస్యం 28 నిమిషాలే. మామూలు వేగమెంత, మొత్తం దూరమెంత? ఎక్స్, వై పెట్టి రెండు సమీకరణాలు రాసి, భిన్నాల దగ్గర ఆగిపోయానన్నారు.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని రైల్వే పరీక్షలకి చదివే రోజుల్లో నేనూ ఈ రకం లెక్క దగ్గరే ఆగిపోయేవాణ్ణి. అది విడిపోయింది పుస్తకంలో కాదు, శ్రీకాకుళం మేనత్తగారింటికి వెళ్ళే దారిలో. తగరపువలస దాటాక మేమెక్కిన బస్సు ఇంజిన్ వేడెక్కింది. డ్రైవరు గోనెగుడ్డ అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పాడు, బుస్సుమని ఆవిరి. మా అందరి దగ్గరా నీళ్ళ సీసాలు అడిగి తీసుకుని పోశాడు. 20 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత బండిని మెల్లగానే పోనిచ్చాడు.

కిటికీ పక్కన కూర్చుని వాచీ చూస్తూ కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాను. అంతకుముందు రాయికీ రాయికీ నిమిషం పట్టేది, ఇప్పుడు నిమిషంన్నర. ‘శ్రీకాకుళం 60’ అన్న రాయి కనబడింది. అంటే ఇక్కణ్ణుంచి రాయికి అర నిమిషం చొప్పున బాకీ పెరుగుతుంది, 60 రాళ్ళకి అరగంట. ఆగిన 20 నిమిషాల బాకీ మాత్రం రాళ్ళతో సంబంధం లేకుండా అప్పుడే పడిపోయింది. రెండూ కలిపితే 50 నిమిషాలు. దిగేసరికి రెండు మూడు నిమిషాల తేడాలో అంతే ఆలస్యమైంది.

మీ లెక్కలోనూ బాకీలు రెండే: ఆగిన బాకీ, నెమ్మదించిన బాకీ. వీటిని కలిపేస్తేనే చిక్కు. బస్సు ఎక్కడ చెడిపోయినా ఆగింది 10 నిమిషాలే కాబట్టి, 34లోంచి 28 తీసేస్తే ఆ పది దానంతటదే ఎగిరిపోతుంది. మిగిలిన 6 నిమిషాలూ ఆ 20 కి.మీ. మెల్లగా నడిచినందుకు పడ్డ బాకీ. వేగం 4/5 వంతైతే కాలం 5/4 వంతు. నాలుగు నిమిషాల దారికి ఐదు పడుతుంది, ఒకటి అదనం. అదనం 6 అయితే మామూలుగా పట్టేది 24 నిమిషాలు. 24 నిమిషాల్లో 20 కి.మీ., అంటే గంటకి 50 కి.మీ.

ఇప్పుడు రాళ్ళ దగ్గరికి రండి. గంటకి 50 అంటే రాయికి 72 సెకన్లు. 4/5 వంతు వేగం 40, అంటే 90 సెకన్లు. ప్రతి రాయి దగ్గరా 18 సెకన్ల బాకీ. మొదటి ఆలస్యం 34లో ఆగిన 10 పక్కన పెడితే 24 నిమిషాలు, అంటే 1440 సెకన్లు. 18తో భాగిస్తే 80 రాళ్ళు. ముందు నడిచిన 30 కలిపితే మొత్తం 110 కి.మీ.

సరిచూసుకోండి. మామూలుగా 132 నిమిషాలు పట్టాలి. ఇప్పుడు ముందరి 30 కి.మీ.కి 36, ఆగిన 10, ఆ తర్వాత 80 కి.మీ.కి 120, మొత్తం 166. తేడా 34, సరిపోయింది.

ఆ పది తీయకుండా 34ని నాలుగుతో హెచ్చవేస్తే 136 నిమిషాలు, 113 కి.మీ. పైచిలుకు వస్తుంది. ముందరి 30 కలిపితే 143 చిల్లర. అలాంటి తప్పు జవాబుని కూడా ఆప్షన్లలో ఒకటిగా పెడుతుంటారు, ఒక మాక్ టెస్టులో నేను దానికే టిక్కు పెట్టాను. అందుకే ‘ఆగి’ అన్న మాట ఎక్కడ కనబడినా కింద గీత గీయండి.

మన స్టేషన్లోనే చూడండి, హౌరా–చెన్నై మార్గంలో విశాఖకి వచ్చి వెళ్ళే రైళ్ళకి ఇక్కడ దిశ మారుతుంది, ఇంజిన్ రెండో వైపు తగిలించాలి. ఆ సేపంతా కాలం నడుస్తుంది, దూరం నడవదు. ‘రైలు వేగం ఆగకుండా పోతే గంటకి 54 కి.మీ., ఆగుతూ పోతే 45, గంటకి ఎంతసేపు ఆగింది?’ అని అడిగేది ఇదే. ఆగినందుకు గంటకి 9 కి.మీ. తగ్గింది, ఆ 9 కి.మీ.కి 54 వేగంతో 10 నిమిషాలు. అంతే.

ఆగిన బండి వేగం పెంచి వేళకి చేరే లెక్కలూ వస్తాయి, అక్కడ రాయి బాకీ తీరుస్తుంది. 10 నిమిషాలు ఆగిన బండి 50 నుంచి 60కి పెరిగితే రాయికి 72 బదులు 60 సెకన్లు, 12 మిగులు. 600 సెకన్ల బాకీ తీరాలంటే 50 కి.మీ. దారి మిగిలి ఉండాలి.