సైటుకో ఐపీ కొనొద్దు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్, శ్రీకాళహస్తి కలంకారీ షాపు, ఇక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, అన్నీ ఒకే సర్వర్లో పెట్టావు. ఇప్పుడు సైటుకో డెడికేటెడ్ ఐపీ, అంటే ఆ ఒక్క సైటుకే విడిగా ఒక ఇంటర్నెట్ అడ్రసు నంబరు, తీసుకోమని హోస్టింగ్ వాళ్ళ సేల్స్ కుర్రాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడంటున్నావు. తీసుకోవద్దు.

ఎస్సెస్సెల్‌కి, అంటే బ్రౌజరుకూ సైటుకూ మధ్య సమాచారం ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటుకి, విడి ఐపీ కావాలన్నాడట. ఒకప్పుడు నిజమే. ఏ సైటు కావాలో బ్రౌజర్ 'హోస్ట్' అనే లైనులో రాసి పంపుతుంది. 1997లో, బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ 1.1 వెర్షన్‌తో ఆ లైను తప్పనిసరి అయింది, ఒకే ఐపీ మీద ఎన్ని సైట్లైనా నడిచేది అందుకే. ఎస్సెస్సెల్ కలిపిన హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రం ఆ లైను ఎన్‌క్రిప్ట్ అయి, గుప్తంగా వస్తుంది. సైటు గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెటేమో సర్వరు అంతకు ముందే చూపించాలి. ఎవరిది చూపించాలో సర్వరుకు తెలిసేది కాదు. 2003లో ఎస్‌ఎన్‌ఐ అనే పద్ధతి వచ్చాక బ్రౌజర్ మొదటి పలకరింపులోనే సైటు పేరు చెప్పేస్తోంది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అది చేతకాక, హెచ్‌టీటీపీఎస్ సైట్లను ఒకే ఐపీ మీద పెట్టడానికి జనం చాలాకాలం జంకారు. ఆ ఎక్స్‌పీకి 2014లోనే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఈ కుర్రాడింకా ఆ పాత పాటే పాడుతున్నాడు.

విడి ఐపీ ఉంటే గూగుల్ ర్యాంకు, స్పీడు పెరుగుతాయన్నాడా? షేర్డ్ ఐపీ (నలుగురూ పంచుకునే ఐపీ) వల్ల ర్యాంకు పడిపోదని గూగుల్ వాళ్ళే చెప్పారు. స్పీడూ అంతే. బ్రహ్మోత్సవాల ముందు లాడ్జీ బుకింగ్ సైటు నత్తనడక నడిస్తే ర్యామ్ చూడు, ప్రాసెసర్ చూడు. ఐపీ మార్చినా అదే సర్వరు కదా.

పైగా ఐపీలు ఇప్పుడు చవక కాదు. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లే. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అమెజాన్ క్లౌడ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీకి గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు మూడున్నర డాలర్ల పైనే. ఇరవై సైట్లకి లెక్క వేసుకో.

నువ్వు భయపడాల్సింది మెయిల్ గురించి. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ కొటేషన్లు విదేశీ పార్టీలకు చేరడం లేదన్నావు చూడు, అదీ అసలు సమస్య. తిరిగొచ్చిన మెయిల్ తెరిచి 550 అంకె (మెయిల్ తీసుకోలేదని చెప్పే కోడ్) ఉన్న లైను వెతుకు. అందులో ఐపీ ఉంటే అది నీ సర్వరుదేనా చూడు, స్పామ్ పంపే ఐపీల లిస్టు పెట్టే స్పామ్‌హాస్ సైటులో వేసి చూడు. లిస్టులో ఉంటే ఆ ఐపీ మీదున్న ఏదో సైటు స్పామ్ పంపి ఉంటుంది. ఎవరి కాంటాక్ట్ ఫారమ్ హ్యాక్ అయిందో ముందు పట్టుకో.

అప్పుడు కొత్త ఐపీ కొనేద్దామనిపిస్తుంది. ఆగు. మెయిల్ అందుకునే సర్వర్ల దగ్గర కొత్త ఐపీకి మంచిపేరు ఉండదు, పాత యజమాని చెడ్డపేరు ఉన్నా ఉంటుంది. రోజుకు పది మెయిళ్ళు పంపే ఫ్యాక్టరీ ఆ మంచిపేరు ఎప్పటికి సంపాదిస్తుంది? మెయిల్‌బాక్సులు జోహో, గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి మెయిల్ సర్వీసుకి మార్చేసి, మెయిల్ నిజంగా వాళ్ళదేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు సరిగ్గా పెట్టు. మెయిల్ పంపే సర్వర్ల జాబితా అయిన ఎస్‌పీఎఫ్‌లోంచి పాత సర్వరు ఐపీ తీసెయ్యడం మాత్రం మరువకు.

ఐపీ నిజంగా కావాల్సింది ట్రావెల్స్ వాళ్ళకి. వాళ్ళ పేమెంట్ కంపెనీ వైట్‌లిస్ట్ చెయ్యడానికి, అంటే అనుమతించినవాళ్ళ జాబితాలో చేర్చడానికి, మారని ఐపీ అడుగుతోంది కదా. ఆ పేమెంట్ కంపెనీకి కావాల్సింది సర్వరు బయటికి కనెక్ట్ అయ్యేటప్పుడు కనిపించే ఐపీ. సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ (మధ్యలో నిలబడి ట్రాఫిక్ అందుకునే సర్వీసు) పెట్టావు కాబట్టి పింగ్ కొడితే, అంటే సైటు పేరుతో ఐపీ వెతికితే, కనిపించేది క్లౌడ్‌ఫ్లేర్‌ది, అదిస్తే పని జరగదు. సర్వర్లోకి లాగిన్ అయి అక్కడి నుంచే చూసుకుని ఇవ్వు.

డబ్బులు పెట్టాలనే ఉంటే ట్రావెల్స్ సైటు ఒక్కటీ చిన్న వీపీఎస్ (దాని కోసం విడిగా ఉండే వర్చువల్ సర్వరు) కి మార్చు. విడి ఐపీ దాంతోపాటే వస్తుంది, ర్యామ్ కూడా దానిదే. రేపు ఏ లాడ్జీ సైటు మీదో ఎవరైనా దాడి చేసినా ట్రావెల్స్ బుకింగులు ఆగవు.

మార్చే ముందు రోజే, సైటు పేరును ఐపీకి కలిపే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (పాత అడ్రసును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300కి తగ్గించు. ఫ్యాక్టరీ మెయిల్ పని మాత్రం తోతాపురి కాయ దిగకముందే అయిపోవాలి. సీజన్ మొదలయ్యాక పాస్‌వర్డు అడగడానికి కూడా అక్కడ ఎవరూ ఫోనెత్తరు.

నీ మామ,
చిత్తూరు