రేగడి నేలలో ఇల్లు: సాయిల్ టెస్ట్‌లో ఎస్‌బీసీ ఒక్కటే అడిగితే సరిపోదు

ఒంగోలు శివారులో 4 సెంట్ల స్థలం, నల్లరేగడి, కింద ఒకటి పైన ఒకటి వేయాలి, "పక్కింటాయన 5 అడుగుల గుంతలతోనే లేపాడు, సాయిల్ టెస్ట్ దండగ" అని మేస్త్రి అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. ఒంగోలు, నెల్లూరు మధ్య సైట్ ఇంజినీరుగా చాన్నాళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నాను. టెస్ట్ చేయించండి. కాకపోతే ఏం అడగాలో తెలుసుకుని చేయించండి.

అందరూ అడిగేది ఒక్కటే, ఎస్‌బీసీ (సేఫ్ బేరింగ్ కెపాసిటీ) ఎంత వచ్చిందని. అంటే చదరపు మీటరుకు నేల ఎన్ని టన్నులు మోస్తుందో ఆ లెక్క. రేగడితో అసలు చిక్కు మోయడంలో కాదు, కదలడంలో ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో నెర్రెల్లోకి చెయ్యి దూరే నేల అది. అప్పుడు బోరు వేసి టెస్ట్ చేస్తే ఏమవుతుంది? 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఎండిన రేగడి గట్టిగా ఉంటుంది కాబట్టి దెబ్బల సంఖ్య, దాన్ని బట్టి కట్టే ఎస్‌బీసీ బ్రహ్మాండంగా వస్తాయి. అక్టోబరు, నవంబరు వానలు పడ్డాక అదే మట్టి అంత గట్టిగా ఉండదు. రిపోర్టు మాత్రం మే నెలదే చేతిలో ఉంటుంది.

దర్శి వైపు ఒక ఇల్లు చూశాను. ఒక్క అంతస్తే. ఎస్‌బీసీ బాగానే ఉన్న రిపోర్టు ఓనరు దగ్గర భద్రంగా ఉంది. వానాకాలం వస్తే తలుపులు పట్టేస్తాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు. "పక్కన మూడంతస్తులకి ఏమీ కాలేదు, మా చిన్న ఇంటికేంటండీ?" అని ఆయన బాధ. చిన్నది కాబట్టే. కింద నుంచి మట్టి ఎత్తుతుంటే అణచిపెట్టే బరువు పైన లేదు. ప్రహరీ గోడలు ముందు పగిలేది కూడా అందుకే.

కాబట్టి ల్యాబ్ వాళ్లని ఫ్రీ స్వెల్ టెస్ట్ తప్పకుండా చేయమనండి. చాలా చిన్న పరీక్ష. 425 మైక్రాన్ల జల్లెడలో దిగిన ఎండు మట్టి 10 గ్రాములు నీళ్లలో, మరో 10 గ్రాములు కిరోసిన్‌లో, కొలత గీతలున్న గాజు గొట్టాల్లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఎంత ఉబ్బిందో దానితో పోల్చి శాతం కడతారు. 50 శాతం దాటితే మామూలు ఫుటింగ్ (గుంత తవ్వి వేసే పునాది దిమ్మె) గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

అలాంటి నేలలో ఏం చేయాలి? వానకీ ఎండకీ కదిలే పై పొరని దాటి కిందికి పోవాలి. 5 అడుగులంటే ఆ పొరలోనే కూర్చున్నట్టు. పైల్ అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీట్ స్తంభం. అడుగున గడ్డ ఉండే అండర్ రీమ్డ్ పైల్ ఇందుకే పుట్టింది, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు అభివృద్ధి చేశారు. రేగడిలో కనీసం 3.5 మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు దిగాలి. గడ్డ వెడల్పు మామూలుగా పైల్ వెడల్పుకి రెండున్నర రెట్లు. పైన బీమ్ కింద 8 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బితే అందులోకి ఉబ్బుతుంది. మన మేస్త్రీలు పోగొట్టేది సరిగ్గా ఆ ఖాళీనే, "బోలుగా ఉంది సార్" అని మట్టితో మూసేస్తారు. ఫుటింగ్ కింద అడుగు మందాన ఇసుక పోస్తే చాలనే మాట కూడా వింటారు. నాకు అది నచ్చదు. ఇసుకలోకి దిగిన వాన నీళ్లు అక్కడే నిలిచి కింద రేగడిని మెల్లగా తడుపుతూనే ఉంటాయి.

బోరు వేసేటప్పుడు మీరో, మీ ఇంట్లో ఒకరో దగ్గర నిలబడండి. ఎర్రమట్టి స్థలానికి "నల్లరేగడి" అని రాసి ఇచ్చిన రిపోర్టు నా చేతిలోకి వచ్చింది. ఎవరో ఎక్కడిదో కాపీ కొట్టారు, స్థలంలో గుంత ఆనవాలే లేదు. ఎంత లోతులో ఏ మట్టి వచ్చిందో, ఏ లోతులో నీళ్లు తగిలాయో అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇదంతా రేగడికి. నెల్లూరు పక్క కోవూరు, ఇందుకూరుపేటల్లో వరి పొలాలు పూడ్చి వేసిన ప్లాట్లయితే కథ వేరు. పైన గ్రావెల్ చూసి మురిసిపోకూడదు, ఆ పూడికనీ, కింద మెత్తటి బంకనీ దాటి బోరు దిగాలి. కొత్తపట్నం లాంటి తీరప్రాంతంలో నీళ్లలో నానే వదులు ఇసుక ఉంటే, నేల ఊగినప్పుడు అది పట్టు వదిలేస్తుంది కాబట్టి భూకంపం సంగతి కూడా చూడాలి. మనకి భూకంపాలేంటి అనకండి, 1967 మార్చి 27న ఒంగోలులో 5.4 తీవ్రతతో వచ్చింది.

చివరగా మీ మేస్త్రికి ఇప్పుడే చెప్పాల్సినది ఒకటి. గుంతల్లోంచి తీసిన నల్లమట్టిని ఖర్చు మిగులుతుందని బేస్‌మెంట్‌లో పోస్తారు. పోయనివ్వకండి, రెండేళ్లకి టైల్స్ లేస్తాయి. గ్రావెల్ తోలించి పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించండి. డాబా మీది వాన నీళ్లు గోడ మొదట్లో పడకుండా పైపు పెట్టి దూరంగా వదలండి, ఇంటి చుట్టూ కనీసం మీటరు వెడల్పున కాంక్రీట్ అరుగు వేయించండి, ఇంకుడు గుంత పునాదికి దూరంగా ఉంచండి. మీ స్థలం పక్కన పంటకాలువ గానీ పెద్ద చెట్టు గానీ ఉందా? ఉంటే ఎన్ని అడుగుల దూరంలో ఉందో రాయండి, దాన్ని బట్టి పైల్ లోతు గురించి ఇంకాస్త చెప్పొచ్చు.