గ్రిడ్ కంప్యూటింగ్ బోధనకు మామూలు ల్యాబ్ సరిపోతుందా?

బీటెక్ చివరి సంవత్సరం పిల్లలకు గ్రిడ్ కంప్యూటింగ్ (వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపి పెద్ద పనులకు వాడటం) చెప్పాలి, కళాశాలలో మామూలు ల్యాబ్ తప్ప మరేమీ లేదు, ఎలా అని అడిగారు. ఆ ల్యాబ్ సరిపోతుంది. నేను అలాంటి ల్యాబ్‌లోనే ఈ పాఠం చెప్పాను.

మొదటి ఏడాది గ్రిడ్ నిర్మాణాన్ని చూపే పొరల బొమ్మతో మొదలుపెట్టి పొరపాటు చేశాను. ఫ్యాబ్రిక్, కనెక్టివిటీ, రిసోర్స్ అంటూ పిల్లలు చక్కగా బొమ్మ గీశారు. క్లస్టర్‌కూ (ఒకే పనికి కలిపి ఉంచిన కంప్యూటర్ల గుంపుకూ) గ్రిడ్‌కూ తేడా అడిగితే మాత్రం "గ్రిడ్ పెద్దది సార్" అన్నారు. అసలు తేడా యాజమాన్యంలో ఉంది. క్లస్టర్‌కు యజమాని ఒక్కరే. గ్రిడ్‌లో వేర్వేరు సంస్థలు తమ యంత్రాలపై పెత్తనం వదులుకోకుండానే వాటిని పంచుకుంటాయి. గ్రిడ్ కంప్యూటింగ్‌కు ఆద్యుల్లో ఒకరైన ఇయాన్ ఫాస్టర్ 2002లో చెప్పిన గ్రిడ్ మూడు లక్షణాల్లో మొదటిది ఇదే.

మరుసటి ఏడాది ల్యాబ్‌లో హెచ్‌టీకాండోర్ పెట్టాను. ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పనులు పంచే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కోటి లోపు ప్రధాన సంఖ్యలు వెతికే పనిని వంద ముక్కలు చేసి పంపాం. కీబోర్డు, మౌస్ ఎవరూ ముట్టనంతసేపే పని సాగేలా అమర్చాం. మధ్యలో ఒక అమ్మాయిని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి మౌస్ కదపమన్నాను. నా తెర మీద ఆ యంత్రం పేరు పక్కన ‘బిజీ’ పోయి ‘సస్పెండెడ్’ అని పడింది. కొంతసేపటికి ఆ ముక్క వేరే యంత్రంలో మళ్లీ మొదలైంది. ఇంటివాళ్లు రాగానే అతిథి లేచి చోటిచ్చాడన్నమాట. ఆ రోజు తరగతిలో ఎవరూ బొమ్మ అడగలేదు.

తర్వాత పక్క విభాగం ల్యాబ్‌ను కలపబోతే, "పని పంపేది మీ పిల్లలేనని మాకెలా తెలుస్తుంది?" అన్నారు అక్కడి అడ్మిన్. డిజిటల్ సర్టిఫికెట్ల (పంపేది ఎవరో రుజువు చేసే ఎలక్ట్రానిక్ గుర్తింపు పత్రాల) పాఠం అలా దానంతటదే వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నా ఒక యంత్రం మాత్రం సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. గంటన్నర వెతికాక తెలిసింది, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి దాని తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! కారణం పట్టుకున్నది పిల్లలే.

ఇక్కడికి వచ్చాకే ఎల్‌హెచ్‌సీ (సెర్న్ సంస్థ వారి భారీ కణ త్వరణ యంత్రం) ప్రయోగాల గ్రిడ్ సంగతి చెప్పండి. సుమారు 40 దేశాల్లోని దాదాపు 170 కేంద్రాలు ఒకరి పనిని ఒకరు ఎలా నమ్ముతున్నాయో పిల్లలు తామే అడుగుతారు. గ్రిడ్‌లు కట్టడానికి ఒకప్పుడు వాడిన గ్లోబస్ టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను చరిత్రగా చెబితే చాలు, 2018లోనే దాని నిర్వహణ ఆగిపోయింది.

నాలుగు యంత్రాలున్నా మొదలుపెట్టవచ్చు. వాటిలో రెండింటి అడ్మిన్ పాస్‌వర్డు మాత్రం మీ దగ్గర కాకుండా వేరొకరి దగ్గర ఉంచండి.