షుగర్, బీపీ లేకపోయినా కిడ్నీ ఎందుకు దెబ్బతింటోంది?

మీ నాన్నగారికి షుగర్, బీపీ లేవు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం పెరుగుతోంది. గుంటూరు కొత్తపేటలో చూపిస్తే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ ఎందుకు రాశారని కదా మీ ప్రశ్న.

ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఆ కణాల్లో ఒకటి అదుపు తప్పి తనలాంటివాటినే పెంచుకుంటూ పోతే ఒకే రకం ప్రోటీను రక్తంలో పేరుకుంటుంది. ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష రాసింది దాన్ని పట్టడానికే. ఆ ప్రోటీను ముక్కలైన లైట్ చైన్లు బాగా చిన్నవి, కిడ్నీ వడపోతలోంచి జారిపోతాయి. కింద సన్నటి గొట్టాల్లో అక్కడుండే ప్రోటీను యూరోమాడ్యులిన్‌తో కలిసి గడ్డకట్టి దారి మూసేస్తాయి. కొందరిలో కరగని పోగుల్లాంటి అమిలాయిడ్‌గా మారి వడపోతలోనే పేరుకుంటాయి. అప్పుడు మూత్రంలో నురగ, కాళ్ల వాపు కనిపిస్తాయి.

అసలు చిక్కేమిటంటే, మూత్రంలో ముంచే పరీక్ష పట్టీ ముఖ్యంగా రక్తంలోని మామూలు ప్రోటీనైన అల్బుమిన్‌నే పడుతుంది, లైట్ చైన్లు దానికి దాదాపు చిక్కవు. అందుకే యూరిన్ నార్మల్ అన్న రిపోర్టు చూసి ఊరుకోకండి. రక్తంలో ఈ ముక్కల్ని కొలిచే ఫ్రీ లైట్ చైన్ పరీక్ష గురించి కూడా డాక్టరుగారిని అడగండి. కచ్చితంగా తేల్చడానికి చాలాసార్లు కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) కావాలి. మైలోమా అనే ప్లాస్మా కణాల క్యాన్సర్ స్థాయికి చేరకపోయినా కిడ్నీ పాడవ్వొచ్చు, కంగారుపడి ముందే నిర్ణయానికి రావద్దు.

ఈలోగా నడుం నొప్పంటూ మెడికల్ షాపులో కిడ్నీకి హాని చేసే డైక్లోఫెనాక్ కొని మింగడం మాన్పించండి. మన రోహిణీ ఎండలకు ఒళ్లు ఎండినా ఆ గొట్టాలు ఇంకా త్వరగా పూడుకుంటాయి. వైద్యం ఆ కణాలకే చేయాలి కాబట్టి నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు)తోపాటు హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) కూడా చూడాలి.