ట్యూషన్లు, ప్రశ్నల బ్యాంకు మీద వచ్చింది 1.90 లక్షలే, ఆదాయపు పన్ను రిటర్నులో ఎంత రాయాలి?

ఇది 2025లో, రిటర్ను గడువు దాటకముందు రాసిన జవాబు. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. వనస్థలిపురంలో ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు. 2024–25లో వాటి మీద 1,30,000 వచ్చింది, దాదాపు అంతా నగదే. ఒక పుస్తకాల కంపెనీకి ప్రశ్నల బ్యాంకు తయారు చేసి ఇస్తే, 60,000 బిల్లులో 6,000 టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు మన పేరున ముందే కోసి కట్టే పన్ను) కోసుకుని 54,000 ఖాతాలో వేశారు. పన్ను పడని సంపాదనకు రిటర్ను ఎందుకని పక్కింటి ఆవిడ అంటున్నారు. ఇంటి అప్పు దొరకాలంటే ఆదాయం 4.90 లక్షలని రాయమని, ఎలాగూ పన్ను పడదని మీ బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వినకండి. రిటర్ను వేయండి, వచ్చిందే రాయండి.

నేను ఆడిటర్ను కాను. నల్లకుంటలో ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పద్నాలుగేళ్లు ఒక ప్రెస్సులో జీతానికి చేసి, అమ్మకు బాగా లేకపోవడంతో మానేశాను. యూనివర్సిటీ దగ్గర కాబట్టి పరిశోధక విద్యార్థులు థీసిస్‌లు తెస్తారు. ఒక ప్రచురణ సంస్థ పుస్తకాలు పంపుతుంది. అను ఫాంట్లలో టైపు కొట్టి, పేజీలు పెట్టి, ప్రూఫులు దిద్ది ఇచ్చే ఈ పనిని చట్టం వ్యాపారం అంటుందని 2024 జూలై దాకా నాకు తట్టనే లేదు. ప్రచురణ సంస్థ నుంచి ఫారం 16ఏ, అంటే కోసిన పన్నుకు ఇచ్చే సర్టిఫికెట్టు, వచ్చాక తట్టింది. అందులో నా పాన్ నంబరు, నా పేరు, నా పేరున కట్టిన 8,400 రూపాయల పన్ను ఉన్నాయి. ఆ డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేయడం తప్ప వేరే దారి లేదు. మీ 6,000 సంగతీ అంతే.

పక్కింటి ఆవిడ మాటలో సగం నిజం ఉంది. 2024–25 సంవత్సరానికి పన్ను మొదలయ్యే హద్దు కొత్త విధానంలో 3 లక్షలు, పాత విధానంలో 2.5 లక్షలు. మీరు రెండింటికీ లోపలే ఉన్నారు. ఆదాయం హద్దు దాటకపోయినా కొందరు రిటర్ను వేసి తీరాలి: ఏడాదిలో టీడీఎస్ 25,000 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినవారు, కరెంటు బిల్లు లక్ష దాటినవారు, ఇంకొందరు. మీరు వాళ్లలో లేరు. కాబట్టి వేయకపోతే తప్పు కాదు, కానీ 6,000 పోతుంది. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న ‘12 లక్షల దాకా పన్ను లేదు’ అన్న మాటను ఇందులో కలపకండి. అది రిబేటు, అంటే లెక్కకొచ్చిన పన్నును మాఫీ చేయడం, పైగా 2025–26 ఆదాయానికి వర్తించేది. రిబేటు వల్ల పన్ను సున్నా కావడం వేరు, ఆదాయం హద్దులోపు ఉండడం వేరు. రిబేటు మీద ఆధారపడేవారు రిటర్ను వేయాల్సిందే.

ఇక అసలు చిక్కు ఎంత రాయాలన్నదే. ఇక్కడే నేను తడబడ్డాను, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

2023–24లో నా లెక్క ఇది: ప్రచురణ సంస్థ బిల్లులు 84,000, ఫోను ద్వారా వచ్చినవి 46,000, నగదు 38,000, మొత్తం 1,68,000. కాగితం, టోనరు, ఇంటర్నెట్టు, ప్రింటరు మరమ్మతు, బైండింగు కుర్రాడికి ఇచ్చింది, అన్నీ కలిపి ఖర్చు 41,000. మిగిలింది 1,27,000.

గడువుకు నాలుగు రోజుల ముందు మా వీధి చివర ఉన్న ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి బ్యాంకు పాస్‌బుక్కు మాత్రమే అడిగాడు. ఐటీఆర్-4 అనే చిన్న వ్యాపారుల రిటర్ను ఫారం తెరిచి చకచకా నింపేశాడు. స్క్రీను మీద ఏడాది ఆదాయం 10,336 అని కనబడింది. నా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే అంకె.

“బాబూ, ఇది మా ఇంట్లో రెండు నెలల సరుకులకు కూడా చాలదు. సంవత్సరమంతా నేను దీని మీద బతికానా?”

“అమ్మా, పన్ను ఎలాగూ సున్నా. ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిది.”

ఆ అంకె ఎలా వచ్చిందంటే, 44ఏడీ అనే సెక్షను కింద చిన్న వ్యాపారులు ఖాతా పుస్తకాలు రాయకుండానే ఆదాయం చూపవచ్చు. బ్యాంకు ద్వారానో డిజిటల్‌గానో వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా లెక్క వేస్తారు. ఆ అబ్బాయి దాన్ని కళ్లు మూసుకుని కొట్టేశాడు. కానీ ఫారంలో ఆ గడి పక్కనే ఇంకో మాట ఉంది: ఆ శాతమో, నిజంగా సంపాదించానని మీరు చెప్పే మొత్తమో, ఏది ఎక్కువైతే అది. అంటే 6, 8 అనేవి నేల, పైకప్పు కాదు. మిగిలింది 1,27,000 అయినప్పుడు 10,336 అని రాయడం సదుపాయం వాడుకోవడం కాదు, అబద్ధం చెప్పడం.

ఈ పద్ధతిలో మీ లెక్క వేస్తే ఏమవుతుందో చూడండి. 60,000 మీద 6 శాతం 3,600. 1,30,000 మీద 8 శాతం 10,400. మొత్తం 14,000. నెలకు పన్నెండు వందలు కూడా లేవు. ఇంట్లో ట్యూషన్లకు ఖర్చులేముంటాయి, సుద్దముక్కలు, జిరాక్సులు, బల్ల ఒకటి. మీకు మిగిలింది బహుశా 1.70, 1.75 లక్షలు ఉంటుంది. 14,000 రాసినా, 1,75,000 రాసినా మీకు పడే పన్ను సున్నాయే, తిరిగి వచ్చేది అదే 6,000. మరి నిజం రాయడానికి పైసా ఖర్చు లేనప్పుడు ఎందుకు దాచడం? రేపు బ్యాంకుకు వెళితే 14,000 ఆదాయం ఉన్న రిటర్నును మేనేజరు పక్కకు కూడా పెట్టడు, వెనక్కి ఇచ్చేస్తాడు.

నా రిటర్నులో రెండో తప్పు ఇంటికి వచ్చాక బయటపడింది. ఆ అబ్బాయి పాస్‌బుక్కు చూసి ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది 75,600 అని వేశాడు. ఖాతాలో పడింది అంతే కదా! కానీ ఆదాయపు పన్ను శాఖ సైటులో ఉండే ఏఐఎస్, అంటే మన పాన్ మీద నమోదైన లావాదేవీల పట్టిక తెరిస్తే 84,000 అని ఉంది. కోసుకున్న పన్ను మన ఖర్చు కాదు, మన పేరున ముందే కట్టిన పన్ను. కాబట్టి రసీదుల్లో కోతకు ముందున్న మొత్తం రాయాలి, కోసిన దాన్ని టీడీఎస్ షెడ్యూల్లో చూపాలి. సవరించిన రిటర్ను నేనే కూర్చుని వేసుకున్నాను. ఆ ఏడాది డిసెంబరు 31 దాకా ఆ వీలు ఉండేది. మీరు మాత్రం మొదటిసారే 54,000 కాకుండా 60,000 అని రాయండి. టీడీఎస్ వాపసు అడిగి, దానికి సంబంధించిన ఆదాయాన్ని వదిలేస్తే రిటర్ను లోపభూయిష్టమని నోటీసు వస్తుంది, పదిహేను రోజుల్లో సరిదిద్దాలి.

పొదుపు ఖాతా వడ్డీ కూడా మరచిపోకండి. నాకు వెయ్యి పైచిలుకు వచ్చింది, ఏఐఎస్‌లో రూపాయితో సహా ఉంది.

మీ విషయంలో ఒక్క దగ్గర మాత్రం ఎవరైనా చార్టర్డ్ అకౌంటెంటును అడగండి. పుస్తకాల కంపెనీ 10 శాతం కోసింది కాబట్టి మీది వృత్తి అని, 44ఏడీఏ కింద వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపాలని ఎవరైనా అనవచ్చు. ఆ సెక్షను న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు వంటి కొన్ని వృత్తులకే. ఆ జాబితాలో ట్యూషన్లు లేవు. డబ్బు ఇచ్చినవాళ్లు ఏ సెక్షను కింద కోశారన్నది వాళ్ల సంగతి, మన పని ఏమిటో అది తేల్చదు. మీరు ఎటూ నిజమైన మిగులే చూపిస్తారు కాబట్టి ఏ గడిలో రాసినా పన్ను మారదు. అయినా గడి తప్పకుండా ఉంటే మంచిది.

ఇప్పుడు మీ బావగారి సలహా. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఇలాంటివి మన ఊళ్లో ప్రతి వీధిలోనూ వింటాం. కానీ రిటర్ను చివర ‘ఇందులోని వివరాలు సరైనవి, సంపూర్ణమైనవి’ అని ఒప్పుకునేది మీరు, బావగారు కాదు. పైగా బ్యాంకువాళ్లు రిటర్ను ఒక్కటే చూడరు, ఖాతా స్టేటుమెంటు కూడా అడుగుతారు. 4.90 లక్షల ఆదాయమని కాగితం, ఖాతాలో లక్షో లక్షన్నరో జమలు, రెండూ పక్కపక్కన పెడితే ఏమనుకుంటారు? తెలంగాణలో రేషన్ కార్డుకు పట్టణాల్లో కుటుంబ ఆదాయ హద్దు ఏడాదికి 2 లక్షలు. మీ ఇంటికి ఆ కార్డు ఉందో లేదో నాకు చెప్పలేదు కానీ, ఉంటే లేని ఆదాయం రాసుకుని ఉన్నది పోగొట్టుకున్నట్టు అవుతుంది. అప్పు కావాలంటే మీ వారి జీతంతో కలిపి ఉమ్మడిగా దరఖాస్తు పెట్టండి. మీ 1.75 లక్షలు దానికి తోడవుతాయి. రెండు మూడు సంవత్సరాలు వరుసగా రిటర్నులు ఉంటే ఆ చిన్న అంకెకే విలువ వస్తుంది.

నగదుకు ఆధారం ఏమిటని మీకు సందేహం రావచ్చు. నాకు ఒక పొడుగు నోట్‌బుక్కు ఉంది. అందులో ఒక పంక్తి ఇలా ఉంటుంది: ‘జూన్ 14, తెలుగు పీహెచ్‌డీ, 212 పేజీలు, పాతిక చొప్పున 5,300, మూడు వందలు తగ్గించాను, 5,000 నగదు.’ ఆ అమ్మాయి బేరం ఆడిన తీరు కూడా గుర్తొస్తుంది ఆ పంక్తి చూస్తే. మీరు పిల్లల పేర్లు, నెలలు నిలువు అడ్డ గీతలు గీసి, ఫీజు ముట్టిన రోజున తేదీ వేసుకుంటే చాలు. ఆ పుస్తకం ఎవరికీ పంపనక్కర్లేదు, అడిగిన రోజున ఇంట్లో ఉండాలి.

దీనికోసం బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ మెట్లు ఎక్కాలేమోనని నేను మొదట హడలిపోయాను. ఎక్కడికీ వెళ్లలేదు. ఆధార్ ఓటీపీతో ఇంట్లోనే ధ్రువీకరించాను. రిటర్ను వేశాక ముప్పై రోజుల్లోపు ఆ పని చేయాలి. చేయకపోతే వేసినా వేయనట్టే. పాన్‌తో కలిసిన బ్యాంకు ఖాతాను సైటులో ముందే నిర్ధారించి పెట్టుకోండి. వాపసు డబ్బు అందులోనే పడుతుంది. నా 8,400 కొద్దిపాటి వడ్డీతో వచ్చింది. ఆ వడ్డీని మరుసటి ఏడాది ఇతర ఆదాయంలో చూపాను.

ఈసారి గడువు 2025 జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు కాబట్టి మీకు సమయం ఉంది. దాటినా 2025 డిసెంబరు 31 దాకా వేయవచ్చు. ఆదాయం హద్దులోపే కనుక ఆలస్య రుసుము కూడా పడదు. ఆ తర్వాత అప్‌డేటెడ్ రిటర్ను అని ఒకటి ఉంది కానీ, దాని ద్వారా వాపసు అడగడానికి వీల్లేదు.

ఇంకొకటి, ఫారంలో మార్చి 31 నాటికి చేతిలో ఉన్న నగదు ఎంతో అడిగే గడి ఒకటి వస్తుంది. నేను ఆ రోజు లెక్క పెట్టుకోలేదు, నోట్‌బుక్కు ముందేసుకుని జమాఖర్చులు తీసివేస్తూ ఆ అంకె పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. వచ్చే మార్చి 31 రాత్రి ట్యూషన్ ఫీజుల డబ్బా ఒకసారి బోర్లించి లెక్క పెట్టి, ఆ అంకె పుస్తకంలో రాసి పెట్టుకోండి.