కాలనీ పార్కు: ఎస్టిమేటు వేయకముందే అందరినీ అడగండి

కాలనీల్లో కొత్తగా పార్కు వేసేటప్పుడు చుట్టుపక్కలవాళ్లను ఎలా కలుపుకోవాలో అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, వాటికి పట్టణ ప్రణాళిక, ఉద్యాన రంగాల్లో పనిచేసేవారు ఇచ్చిన జవాబులు.

మా లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన 1,200 గజాల స్థలాన్ని మున్సిపాలిటీ అభివృద్ధి చేస్తానంటోంది. సంఘం సమావేశం పెడితే వచ్చినవాళ్లంతా వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, ఫౌంటెన్ అన్నారు. జనం అభిప్రాయం తీసుకోవడమంటే ఇంతేనా?
— కాలనీ సంఘం కార్యదర్శి, కరీంనగర్

ముందు ఎస్టిమేటు తయారైందో లేదో కనుక్కోండి. మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు ఎస్టిమేటు వేసి, దానికి సాంకేతిక మంజూరు కూడా వచ్చేస్తే, ఆ తర్వాత మీరెన్ని సమావేశాలు పెట్టినా మారేది బెంచీల రంగు మాత్రమే. ఇంకా కాకపోతే, ‘నెల రోజుల్లో మేం డ్రాయింగు ఇస్తాం, దాన్నిబట్టి ఎస్టిమేటు వేయండి’ అని కమిషనర్ పేరిట దరఖాస్తు పెట్టి, అది అందినట్టు ఇచ్చే ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. తెలంగాణలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంటుంది. ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలుండాలనీ చెబుతుంది. ఆ కమిటీల సంతకాలూ పెట్టిస్తే దరఖాస్తుకు బలం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పాఠకులు వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టవచ్చు.

ఈలోగా ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను నకలు, ఆ స్థలం మున్సిపాలిటీకి దఖలుపడిన గిఫ్ట్ డీడ్ నకలు తెచ్చుకోండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. తర్వాత టేపు పట్టి స్థలం కొలవండి. పక్కింటి ర్యాంపు, మెట్లు, పార్కింగ్ షెడ్డు కొద్దికొద్దిగా లోపలికి జరిగి ఉండటం చాలాచోట్ల చూస్తాం. హద్దు తేలకుండా డిజైన్ గీస్తే పని మధ్యలో ఆగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ లైను, నేలలో వెళ్లే పైపులు, వాన పడితే నీళ్లు నిలిచే మూల... ఇవన్నీ ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

ఇక జనం సంగతి. ‘పార్కులో ఏం కావాలి?’ అని అడిగితే ఎవరైనా వేరే పార్కులో చూసినవే చెబుతారు. మీ సమావేశంలో జరిగింది అదే. ‘సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా మీ ఇంట్లో పిల్లలెక్కడ ఉంటారు? పెద్దవాళ్లెక్కడ కూర్చుంటారు? ఈ ఖాళీ స్థలంలోంచి ఎప్పుడైనా నడిచి వెళ్తారా? చీకటి పడ్డాక ఎందుకు రారు?’ అని అడిగి చూడండి. మోకాళ్ల నొప్పులతో రెండు వందల మీటర్లు కూడా ఆగకుండా నడవలేనని ఒకామె చెబుతుంది. అప్పుడు మీ ప్లానులో ట్రాక్ పక్కన పాతిక మీటర్లకో బెంచీ చేరుతుంది. ఫౌంటెన్ ఊసు మళ్లీ రాదు.

సమావేశానికి ముందే ఒక మామూలు రోజూ, ఒక ఆదివారమూ ఆ స్థలాన్ని గమనించండి. ఉదయం ఆరు, పదకొండు, సాయంత్రం అయిదు, రాత్రి ఎనిమిది గంటలకు పావుగంట చొప్పున నిలబడి ఎవరు వస్తున్నారు, ఏం చేస్తున్నారో రాసుకుంటే చాలు. మూలనుంచి మూలకు కాలిబాట పడి ఉంటే అది జనం రోజూ నడిచే దారి. దానికి అడ్డంగా గోడ కడితే కొన్నాళ్లకే గ్రిల్ వంచి దూరతారు. ఆ దారి రెండు కొసల్లో గేట్లు పెట్టండి.

షటిల్ కోర్టు, వాలీబాల్, పిల్లల ఆటస్థలం, ట్రాక్, పచ్చిక... అన్నీ కావాలంటున్నారు. ఎవరికీ ‘కాదు’ అని చెప్పలేకపోతున్నాం.
— సంఘం కోశాధికారి, విజయనగరం

మీరు చెప్పనక్కర్లేదు, స్కేలు చెబుతుంది. మీ స్థలం 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు అనుకుందాం. అంటే వెయ్యి చదరపు మీటర్లు, సుమారు 1,200 గజాలు. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే 40 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్లు అవుతుంది. ఒక్క ఏ3 కాగితం మీద సరిగ్గా పడుతుంది. పాత శుభలేఖల అట్టలు ఇదే కొలతలో కత్తిరించండి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదలాలి కాబట్టి అట్టముక్క 24 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు. షటిల్ కోర్టు 13.4 మీటర్లు, 6.1 మీటర్లు; చుట్టూ రెండేసి మీటర్లు కలిపితే 17.4, 10.1. రెండు ఉయ్యాలల స్టాండు చూడటానికి చిన్నదే, కానీ గొలుసు వేలాడే కమ్మీ ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరం ముందూ వెనకా ఖాళీ ఉండాలి. 2.4 మీటర్ల ఎత్తు స్టాండుకు పొడవు 9.6 మీటర్లవుతుంది, పక్కల్లో 1.8 మీటర్ల చొప్పున వదిలితే వెడల్పు సుమారు 6.6. ఆరు మీటర్లు విస్తరించే చెట్టుకు ఆరు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క.

ట్రాక్‌కు 1.8 సెంటీమీటర్ల రిబ్బను వాడండి. రెండు చక్రాల కుర్చీలు ఎదురైనా ఒకదాన్నొకటి దాటగలిగే వెడల్పు అది. గోడ వెంబడి రెండు మీటర్లు చెట్లకు వదిలి ట్రాక్ వేస్తే ఒక చుట్టు దాదాపు 106 మీటర్లు, కిలోమీటరు నడవాలంటే తొమ్మిదిన్నర చుట్లు. ట్రాక్ ఒక్కటే 190 చదరపు మీటర్లు తింటుంది. లోపల మిగిలేది 32 మీటర్లకు 17. అందులో వాలీబాల్ పెడితే పిల్లలకు ఎనిమిది మీటర్ల పట్టీ మాత్రమే మిగులుతుంది. షటిల్ పెడితే ఉయ్యాలలు, జారుడుబల్ల, నాలుగు బెంచీలు పడతాయి. అట్టముక్కలు కాగితం మీద జరుపుతూ ఈ సంగతి జనం తామే తెలుసుకుంటారు, వాదనలు అక్కడికక్కడే చల్లబడతాయి.

అయిదారుగురి జట్లుగా కూర్చోబెట్టి ముప్పావుగంట ఇవ్వండి. ఒకే ఇంటివాళ్లు, ఒకే వయసువాళ్లు ఒక జట్టులో ఉండకుండా చూడండి. గీసిన కాగితాలన్నీ గోడకు అంటించి, ఒక్కొక్కరికి మూడేసి బొట్టు బిళ్లలు ఇచ్చి, నచ్చిన అంశం మీద అంటించమనండి. పిల్లలకు ఒక రంగు, ఆడవాళ్లకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి, యువకులకు ఒకటి. ఇలా రంగులు వేరు చేయకపోతే సమావేశానికి ఎక్కువమంది వచ్చిన వర్గమే గెలుస్తుంది. సాధారణంగా వాళ్లు పొద్దున నడిచే పెద్దమనుషులే.

చివరి డిజైన్‌ను నేల మీద సున్నంతో ముగ్గు పోయించండి, ఇంటి పునాదికి పోసినట్టే. నాలుగు కర్రలు పాతి ఉయ్యాల ఎక్కడో చూపండి. వారం రోజులు అలాగే ఉంచితే, సమావేశానికి రానివాళ్లు కూడా అందులో నడిచి చూసి చెబుతారు. కాంట్రాక్టరు కంప్యూటర్‌లో చూపించే రంగుల బొమ్మను నమ్మి సంతకం పెట్టవద్దు. అందులో మనుషుల్ని చిన్నగా వేస్తే స్థలం రెట్టింపు కనిపిస్తుంది.

సమావేశానికి ఆడవాళ్లు రారు. వచ్చినా వెనక కూర్చుని వెళ్లిపోతారు. ఏం చేయాలి?
— రాజమహేంద్రవరం పాఠకురాలు

సమావేశాన్నే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. మెప్మా కింద నడిచే మహిళా సంఘాలు పొదుపు కట్టడానికి కూర్చునే రోజున అరగంట అడిగి తీసుకోండి. అంగన్‌వాడీ దగ్గర పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లులు దొరుకుతారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు మధ్యాహ్నం పని ముగించుకుని వెళ్లేటప్పుడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల కుటుంబాలు సాయంత్రం. సంఘంలో సభ్యత్వం లేదని వీళ్లను వదిలేస్తారు. కానీ రేపు ఆ పార్కులో పిల్లల్ని ఎక్కువసేపు ఆడించేది వీళ్లే.

తర్వాత నలుగురైదుగురు ఆడవాళ్లతో రాత్రి ఏడున్నరకు స్థలం చుట్టూ నడవండి. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ అడుగు వేగం పెంచుతారో గుర్తించండి. సమావేశంలో నోరు విప్పనివాళ్లు కూడా అక్కడ వేలుపెట్టి చూపిస్తారు. ఆ నడకలోంచి వచ్చే మార్పులు పెద్ద ఖర్చువి కావు. అయిదడుగుల గోడ బదులు అడుగున్నర గోడ కట్టి పైన గ్రిల్ పెడితే రోడ్డు మీదినుంచి లోపల కనిపిస్తుంది. దీపాల స్తంభాలు పన్నెండు నుంచి పదిహేను అడుగుల ఎత్తులో, చెట్టుకు అయిదు మీటర్ల ఎడంగా ఉండాలి. లేకుంటే మూడేళ్లకు కొమ్మలు కమ్మేసి కింద చీకటే మిగులుతుంది. గేటు ఒక్కటే ఉంటే దాని పక్కన నలుగురు కుర్రాళ్లు నిలబడినా ఆడపిల్లలు లోపలికి రారు, రెండోది తప్పనిసరి.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఇదే విషయం మీద అధ్యయనం చేశారు. పదేళ్ల వయసు దాటాక మగపిల్లలు పార్కులకు వస్తూనే ఉన్నారు, ఆడపిల్లలు తగ్గిపోయారని తేలింది. పెద్ద ఆటస్థలం ఒకటే ఉంటే దాన్ని మగపిల్లలు ఆక్రమించుకోవడం అందుకు కారణం. 1999లో ఐన్‌సీడ్లర్ పార్కు, సాంక్ట్ యోహాన్ పార్కులతో మార్పులు మొదలుపెట్టారు. ఆటస్థలాన్ని చిన్న భాగాలుగా విడగొట్టారు, షటిల్, వాలీబాల్‌కు చోటిచ్చారు, దారులు మెరుగుపరిచారు. ఆడపిల్లల రాక పెరిగింది. మనకూ పనికొచ్చే మాట: ఉన్న ఖాళీనంతా ఒకే ముక్కగా వదిలితే అది క్రికెట్‌కే పోతుంది.

చిన్నపిల్లలను అడిగితే ఉపయోగం ఉంటుందా?
— టీచర్, ఖమ్మం

ఉంటుంది, కానీ బొమ్మలు గీయమంటే రాకెట్లు, జలపాతాలు గీస్తారు. స్థలానికి తీసుకెళ్లి ఎక్కడ దాక్కుంటారో, ఎక్కడినుంచి దూకుతారో చూపించమనండి. ఆరేళ్లలోపు వాళ్లకు, ఆపై వాళ్లకు వేర్వేరు చోట్లు కావాలని అక్కడే తెలిసిపోతుంది. ఉయ్యాలలు, జారుడుబల్ల కింద పేవర్ టైల్స్ గానీ సిమెంటు గానీ వేయనివ్వవద్దు. దెబ్బలు తగిలేది వాటివల్లే. కడిగిన ఇసుక 30 సెంటీమీటర్ల మందాన పోసి, తగ్గినప్పుడల్లా నింపాలి. జారుడుబల్ల పడమటివైపు తిరిగి ఉంటే వేసవి సాయంత్రం కాలుతుంది. ఉత్తరం వైపు తిప్పి, పడమర పక్కన చెట్టు పెట్టించండి.

పార్కు స్థలంలో కొంతమంది కమ్యూనిటీ హాలు కట్టాలంటున్నారు, కొందరు గుడి అంటున్నారు. మెజారిటీ ఒప్పుకుంటే కట్టవచ్చా?
— హైదరాబాద్ పాఠకుడు

కుదరదు. ప్లానులో పార్కుగా చూపిన స్థలం సంఘం సొత్తు కాదు, ఓటింగు పెట్టి మార్చుకోవడానికి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆసుపత్రికే కుదరనిది హాలుకు కుదరదు. ప్రభుత్వ పార్కుల్లో, వీధుల్లో ఏ మతం పేరిటా అక్రమ నిర్మాణాలు చేపట్టకూడదని 2009లో అదే కోర్టు ఆదేశించింది. భక్తితో అడిగేవాళ్లను నొప్పించకుండా, నలుగురు కూర్చునే వేదిక, పైన నీడ ప్లానులో చేర్చండి. బతుకమ్మకూ పుస్తక పఠనానికీ అది చాలు.

పచ్చిక పరిచి, పామ్ చెట్లు పెడదామంటున్నారు. ఏ మొక్కలు మంచివి?
— గుంటూరు పాఠకురాలు

ఓటింగుకు ముందు నీళ్ల లెక్క గోడమీద రాసి పెట్టండి. వేసవిలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు సుమారు అయిదు లీటర్లు కావాలి. 300 చదరపు మీటర్లకు 1,500 లీటర్లు, అంటే మూడు రోజులకొకసారి అయిదు వేల లీటర్ల ట్యాంకరు. ఎవరు తెప్పిస్తారో తేలితే పచ్చిక ఎంత ఉండాలో కూడా తేలిపోతుంది.

నీడకు కానుగ, వేప, పొగడ. నేరేడు మంచిదే, కానీ పండ్లు రాలి మరకలవుతాయి కనుక ట్రాక్ మీదికి రాకుండా పెట్టాలి. రావి, మర్రి గోడల దగ్గర వద్దు. పచ్చ గన్నేరు విషం, పిల్లలున్న చోట అసలు వద్దు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ ఇస్తే తీసుకోకండి. దాన్ని నాటవద్దని తెలంగాణ ప్రభుత్వం 2022లోనే చెప్పింది. ఏడాకులపాల పూల ఘాటు వాసన మీద విశాఖలో ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. ఇళ్లకు ఆనుకుని ఉన్న పార్కులో అది ఎందుకు? స్థలంలో ఇప్పటికే ఉన్న చెట్లను మాత్రం డిజైన్ కోసం కొట్టించకండి, డిజైన్‌నే పక్కకు జరపండి. కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

బెంచీకి పడమర దిక్కున చెట్టు ఉంటే సాయంత్రం నీడ బెంచీ మీద పడుతుంది. ఈ చిన్న సంగతి డ్రాయింగులో చూసేవాళ్లు తక్కువ.

అందరం కలిసి ఒప్పుకున్న డిజైన్ ఒకటి, కాంట్రాక్టరు చేసింది ఒకటి. ఇలా జరగకుండా ఏం చేయాలి?
— వరంగల్ పాఠకుడు

డ్రాయింగు మీద ఏఈ, సంఘం ప్రతినిధులు సంతకాలు చేసి, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోవాలి. బిల్లు వచ్చేది మాత్రం ఎస్టిమేటులోని అంశాలకే. అందుకని వర్క్ ఆర్డరు, ఎస్టిమేటు నకళ్లు తీసుకుని, డ్రాయింగులో ఉన్నవన్నీ అందులో ఉన్నాయా అని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి. ‘ఉయ్యాలల కింద ఇసుక’, ‘రెండేళ్లు మొక్కలకు నీళ్లు’ అనేవి తరచూ జారిపోతాయి. గేటు దగ్గర 15 సెంటీమీటర్ల మెట్టు ఉంటే ర్యాంపు 1.8 మీటర్ల పొడవుండాలి. అంటే ఒకటికి పన్నెండు. చోటు లేదని నిటారుగా పోసేస్తారు.

మట్టిలో కప్పబడిపోయే పనులను కప్పకముందే చూడాలి. చెట్ల గుంతలు మూడడుగుల లోతుండాలని రాసుంటే, మొక్క దించకముందు టేపు పెట్టి ఫోటో తీయండి. అడుగు గుంత తవ్వి, భవనాల శిథిలాలతోనే నింపేస్తే రెండో వేసవికి మొక్క ఎండుతుంది, తప్పు మీ నీళ్ల మీదికి నెడతారు. ట్రాక్ కాంక్రీటు మందం, ఉయ్యాల స్తంభాల పునాది కూడా పోసేముందే కొలవాలి. వీటికి ముగ్గురిని నియమించుకోండి, అందులో ఇంట్లో ఉండేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. పనులు జరిగేది పగలు పదింటినుంచి అయిదింటి మధ్య, ఉద్యోగాలకు వెళ్లినవాళ్లకు కనిపించవు. తేడా కనిపిస్తే ఫోటోతో ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి, పని కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లో రాయకముందే. రాసేశాక బిల్లు ఆపించడం కష్టం.