కొడుకు క్వయర్‌కి పాటలు కడుతుంటే తండ్రికి టెన్షన్

చిత్తూరు నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, టెనర్ (మగవాళ్ల పై గొంతు) పాడతాడు, సొంతంగా నాలుగు గొంతులకు పాటలు కడతాడు, వెస్టర్న్ క్లాసికల్ కంపోజర్ అవుతానని పట్టుబట్టాడట. బీటెక్కా, చెన్నైలో మ్యూజిక్కా, తిరుపతి సంగీత కళాశాలా, పోల్చి చెప్పమన్నారు.

అయ్యా, మీ ఉత్తరంలో 'వాడు ఎలా బతుకుతాడు' అని ఒక్కసారే ఉంది, 'చుట్టాలకు ఏం చెప్పుకోవాలి' అని మూడుసార్లు ఉంది. పెళ్లిళ్లలో అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక పిల్లోడి నాలుగేళ్లు తాకట్టు పెడతారా?

బతుకు సంగతి దాచకుండా చెబుతాను. పాటలు కట్టడం ఒక్కదానితోనే ఇల్లు నడిపిన కంపోజర్లు ఏ దేశంలోనైనా తక్కువే. జర్మన్ కంపోజర్ బాఖ్ అంతటివాడు 1723లో లైప్‌జిగ్ ఊరు వెళ్లింది ఉద్యోగానికి, చర్చికి సంగీతం కూర్చి పిల్లలకు నేర్పడానికి. ఇంకో పెద్ద కంపోజర్ హైడన్ చిన్నప్పుడు వియన్నాలో క్వయర్ పిల్లాడు, గొంతు మారాక బయటికి పంపేస్తే పాఠాలు చెప్పుకుని బతికాడు. ఇప్పుడూ అంతే, క్వయర్‌లో పాడటం, స్కూల్లో నేర్పడం, ఎవరికో పియానో వాయించడం, అడిగినవాళ్లకు రాసివ్వడం, ఇవన్నీ కలిస్తే నెల గడుస్తుంది. పాతికేళ్ల వయసులో మీవాడి సంపాదన ఇంజనీరు స్నేహితుడి కంటే తక్కువే ఉంటుంది, అయినా పస్తులుండడు.

నాకు అసలు భయం మీరు చివర్లో అడిగిన, కంప్యూటర్‌లో పాటలు తయారుచేయడం నేర్పే మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా గురించి. ఇప్పుడు అందరూ దాని వెంటే పడుతున్నారు. కొన్నేళ్ల కిందట నేనే ఒక కుర్రాణ్ణి అలాంటి కోర్సుకు పంపి తప్పు చేశాను, లాప్‌టాప్‌తో, తండ్రి పేరుమీద అప్పుతో తిరిగొచ్చాడు, ఒక్క పాట కూడా మనుషుల చేత పాడించింది లేదు. కంప్యూటర్‌లో గొంతులు ఊపిరి తీసుకోవు సార్, ఏం రాసినా పాడేస్తాయి. మీరు ఫోన్‌లో పంపిన నోట్‌బుక్ ఫొటోల్లో రెండో పేజీ చూడండి, ఆల్టోల (ఆడవాళ్ల కింది గొంతు) లైన్‌లో పెన్నుతో గబగబా రాసుకుపోయి, తర్వాత పెన్సిల్‌తో పైన చిన్న కామా పెట్టాడు. అది ఊపిరి గుర్తు. పాడేవాళ్లకు ఆయాసం రావడం చూసి దిద్దుకున్నాడన్నమాట. ఫీజు కడితే వచ్చే విద్య కాదది.

ఇక పోలిక. తిరుపతిలోని మన శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చెవికి, శ్రుతికి మంచి పునాది పడుతుంది, కానీ నాలుగు గొంతులు వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిపి పాడే హార్మనీ అక్కడి పాఠం కాదు. అది చెన్నైలో దొరుకుతుంది, రెహమాన్ 2008లో పెట్టిన కేఎం కన్జర్వేటరీ అనే సంగీత కాలేజీ ఉంది, 1893 నాటి మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ క్వయర్ ఉంది. బీటెక్‌కి వాడే ఒప్పుకుంటే చెన్నైలోనే చేర్పించండి, సాయంత్రాలు పాడుకుంటాడు, ఒప్పుకోకపోతే బలవంతం వద్దు.

విదేశీ కాలేజీలు కంపోజిషన్ సీటుకు అడిగేది వాడు రాసిన స్కోర్లు (అన్ని గొంతుల స్వరాలూ రాసిన కాగితాలు), వాటి రికార్డింగులు. ఈ క్రిస్మస్‌కి వాడి పాట ఒకటి మీ క్వయర్ చేతే పాడించి రికార్డు చేయండి. సాహిత్యానికి గురజాడను తీసుకోమనండి, ఆయన పోయింది 1915లో, మన చట్టంలో కాపీరైట్ కవి పోయాక అరవై ఏళ్లే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అంతకుముందు ఒక్కసారి ప్రాక్టీసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి, ఫోన్ చూడకుండా, అయిపోయేదాకా. ఫీజుల లెక్క ఆ తర్వాత వేసుకుందాం.